లంబసింగి మంచులో వాటర్ కలర్ ఆరట్లేదు, ఏం చేయాలి?

మొన్న డిసెంబర్‌లో లంబసింగి వెళ్లి, పొద్దున్నే 6 గంటలకి కొండలు గీద్దామని కూర్చున్నా. ఆకాశం వాష్ (నీళ్లు బాగా కలిపిన పల్చటి రంగు పొర) వేసి 20 నిమిషాలైనా కాగితం తడిగానే ఉంది, ఆగలేక వెనక కొండ వేసేశాను, అంతే, అంచంతా పాకి కాలీఫ్లవర్‌లా విచ్చుకుంది (మా ఆవిడ మాత్రం మేఘం బాగా వచ్చిందంది). ఇంట్లో అయితే హెయిర్ డ్రయ్యర్ ఉంటుంది, కొండ మీద ఏం చేస్తారండీ? వాడేది 300 జీఎస్ఎం (చదరపు మీటరుకి 300 గ్రాముల బరువు) మందపాటి కాటన్ పేపర్. అల్ట్రామెరైన్ నీలంలో కాస్త బర్న్ట్ సియెన్నా (ఎర్రమట్టి లాంటి గోధుమ రంగు) కలిపితే దూరపు కొండల బూడిద నీలం వచ్చేస్తోంది, రంగుతో ఇబ్బంది లేదు. అంత తేమలో పొరకీ పొరకీ మధ్య ఎంతసేపు ఆగాలి, లేకపోతే తడి మీదే చిక్కటి రంగు పెట్టి ఒకేసారి ముగించెయ్యాలా? వచ్చే వారం అరకు, గాలికొండ వైపు వెళ్తున్నా. మంచులో గీసినవాళ్లు ఎవరైనా చెప్పండి, ఆ పేపర్ ఖరీదుకి ప్రయోగాలు చేయబుద్ధి కావట్లేదు.