అప్‌డేట్: మేనకోడలి ఫిట్స్ మందు ఎందుకు మార్చారో తెలిసింది

విజయనగరంలో మా మేనకోడలికి కార్బమజెపైన్ ఆపి వాల్‌ప్రోయేట్, క్లోబజామ్ ఎందుకు రాశారని అడిగాను కదా. పాపది డ్రావే సిండ్రోమ్ అట, అంటే పసితనంలోనే మొదలయ్యే అరుదైన, తీవ్రమైన ఫిట్స్ జబ్బు. జన్యు పరీక్షలో ఎస్‌సీఎన్‌1ఏ అనే జన్యువులో లోపం తేలింది.

మెదడులో కొన్ని కణాలు గాబా అనే రసాయనం వదిలి మిగతావాటి జోరుకి బ్రేకు వేస్తాయి. ఈ లోపంతో ముఖ్యంగా దెబ్బతినేది ఆ బ్రేకు కణాల సోడియం ఛానెళ్లే (కణం పనిచేయడానికి సోడియాన్ని లోపలికి వదిలే ద్వారాలు). కార్బమజెపైన్ కూడా సోడియం ఛానెళ్లనే అడ్డుకుంటుంది, అందుకే బ్రేకు ఇంకా బలహీనపడి ఫిట్స్ పెరిగే ప్రమాదం. క్లోబజామ్ అయితే గాబా పనికి బలమిస్తుంది. క్లోరైడ్ ఎక్కువగా లోపలికి వెళ్లి కణం తొందరగా ఉద్రేకపడదు.

ఫిట్స్ తగ్గాయి, పూర్తిగా పోలేదు. మగతగా ఉంటోంది. చేతిలో తాళాలు పెట్టమనే చుట్టాలు మాత్రం మారలేదు! జ్వరమొస్తే ఫిట్స్ వస్తాయేమోనని టెన్షనే. అందుకే ఫిట్స్‌ని ఆపడానికి ముక్కులో కొట్టే మిడజోలమ్ స్ప్రే ఇంట్లో ఉంచమన్నారు. అదీ గాబా దారిలో పనిచేసే మందే.