అప్‌డేట్: ఆర్ట్ జర్నల్‌లో పెన్ను గీతలు

పెన్ను గీతల మీద వాటర్ కలర్ వేస్తే సిరా అలుక్కుపోతోందని, గీతలతో నీడలు ఎలా తేవాలని అడిగాను కదా. ఓపిగ్గా చెప్పిన అందరికీ థ్యాంక్స్.

సిరా సమస్య తీరింది. మీరు చెప్పినట్టే పిగ్మెంట్ సిరా (నీళ్లలో కరగని రంగు పొడితో చేసేది) ఉన్న పిగ్మా మైక్రాన్ పెన్నులు కొన్నాను. ఆరాక నీళ్లు తగిలినా గీత చెదరడం లేదు. 01 (0.25 మి.మీ.), 05 (0.45 మి.మీ.) రెండూ చాలు: అంచులకు లావుది, లోపలి వివరాలకు సన్నది.

అసలు సంతోషం నీడల దగ్గర. మా అమ్మమ్మగారి రోలు గీశాను. నిలువు గీతలతో నింపితే పలకలా చదునుగా కనిపించింది. అవే గీతల్ని రాయి వంపు వెంట తిప్పేసరికి గుండ్రంగా, బరువుగా తేలింది! గుంత లోపల ఒక వరస మీద ఇంకో వరస అడ్డంగా వేశాను, వెలుగు పడేచోట కాగితం ఖాళీగా వదిలేశాను. ఆ ఖాళీయే బొమ్మకు ప్రాణం అనిపిస్తోంది.

బాపుగారి బొమ్మల్లోలా ఒకే గీత లావై, సన్నబడటం ఈ పెన్నులతో కుదరదు. అందుకే ఇక సిరాలో ముంచి గీసే డిప్ నిబ్బు, ఇండియన్ ఇంక్ (చిక్కటి నల్ల సిరా) పడతాను. ఆ ఇంకుల్లో చాలావాటికి లక్క కలుస్తుంది, ఫౌంటెన్ పెన్నులో పోస్తే గడ్డకడుతుందని ముందే హెచ్చరించినవారికి మరీ మరీ థ్యాంక్స్. నిబ్బుతో గీసిన పేజీలు కూడా పెడతాను.