ఇవెలుమో: ఒక్క మిస్‌తో మొత్తం కెరీర్‌ని కొట్టేయొచ్చా?

వింగర్7: 2008 అక్టోబర్ 11, గ్లాస్గో హాంప్‌డెన్ పార్క్. ఫుట్‌బాల్ వరల్డ్ కప్ క్వాలిఫయర్, స్కాట్లాండ్, నార్వే 0-0. స్కాట్లాండ్‌కి సబ్‌గా దిగిన స్ట్రైకర్ క్రిస్ ఇవెలుమోకి అదే మొదటి ఇంటర్నేషనల్ మ్యాచ్. ఎడమ వైపు నుంచి సహచరుడు నేస్మిత్ క్రాస్ వేశాడు. మూడు గజాల దూరం, ఎదురుగా ఖాళీ గోల్. బంతి పక్కకు పోయింది! నిన్న ఆ వీడియో మళ్లీ చూస్తే నిద్ర పట్టలేదు. బెంచీ మీద రేంజర్స్ స్ట్రైకర్ క్రిస్ బాయిడ్ ఉన్నాడు, దేశానికి అప్పటికే 7 గోల్స్ కొట్టాడు. కోచ్ బర్లీ అతన్ని కూర్చోబెట్టి, ఊళ్లన్నీ తిరిగొచ్చినవాణ్ని దించాడు. ఇది క్షమించరాని తప్పు. మీరేమంటారు?

గ్లాస్గో_శీను: "ఊళ్లన్నీ తిరిగొచ్చినవాడు" అన్న మాట గుచ్చుకుంది తమ్ముడూ. ఇవెలుమో పుట్టింది ఇక్కడికి దగ్గర్లోనే, కోట్‌బ్రిడ్జ్‌లో. సెయింట్ మిరెన్ క్లబ్బులో మొదలుపెట్టాడు. డెన్మార్క్‌లో ఆర్హుస్ ఫ్రెమాడ్‌కి ఆడాడు, ఇంగ్లండ్‌లో స్టోక్‌కి, జర్మనీలో ఆకెన్‌కి, మళ్లీ ఇంగ్లండ్ వచ్చి కోల్చెస్టర్‌కి. కోల్చెస్టర్ చాలా చిన్న క్లబ్బు, దాని పాత గ్రౌండ్‌లో ఆరు వేల మంది పడితే గొప్ప. 2006లో ఆ జట్టు ఛాంపియన్‌షిప్‌కి, అంటే ఇంగ్లండ్ రెండో అంచె లీగ్‌కి ఎక్కింది. మరుసటి సీజన్‌లో అక్కడ ఇతను 18 లీగ్ గోల్స్ కొట్టాడు, జట్టు పదో స్థానంలో నిలిచింది. 2008లో అదే లీగ్‌లోని వుల్వ్స్ క్లబ్బుకి వెళ్లగానే వరసగా గోల్స్ పడ్డాయి కాబట్టే 30 ఏళ్ల వయసులో దేశం పిలిచింది. ఎవరో దయతలిచి ఇచ్చిన చోటు కాదది.

లెఫ్ట్‌బ్యాక్_నల్లగొండ: మూడు గజాలు కాదు, నాలుగుంటాయి.

వింగర్7: మూడైనా నాలుగైనా అది గోల్ కావాల్సిందే. ఆ గ్రూపులో చివరికి నార్వేకి 10 పాయింట్లు, స్కాట్లాండ్‌కి 10. గోల్స్ తేడాతో నార్వే రెండోది. ఆ బంతి లోపలికి వెళ్లుంటే స్కాట్లాండ్ 12, నార్వే 9. ఇంతకంటే ఏం కావాలి?

పీఈటీ_మాస్టారు: లెక్క సగంలో ఆపావు బాబూ. తొమ్మిది గ్రూపుల్లో రెండో స్థానం వచ్చినవాళ్లలో ఎనిమిది జట్లకే ప్లేఆఫ్, అంటే వరల్డ్ కప్‌కి వెళ్లే ఆఖరి అవకాశం. నార్వే అట్టడుగున ఉండి బయటికి పోయింది. స్కాట్లాండ్ గ్రూపులో ఐదు జట్లే, మిగతా వాటిలో ఆరు; అందుకని ఆ గ్రూపుల్లో ఆఖరి జట్టుతో ఆడినవి తీసేస్తారు. అలా తీసేస్తే ఐర్లాండ్‌కీ 12 పాయింట్లే, కానీ గోల్స్ తేడాలో స్కాట్లాండ్ కంటే చాలా మెరుగు. ఆ గోల్ పడినా ప్లేఆఫ్ వచ్చేది కాదు. 2009 ఆగస్టులో ఓస్లోలో 4-0తో ఓడారు, దాన్ని ఎవరి ఖాతాలో వేస్తావు?

లెఫ్ట్‌బ్యాక్_నల్లగొండ: ఈ లెక్క నాకు తెలియదు మాస్టారూ.

వింగర్7: ప్లేఆఫ్ వదిలేయండి మాస్టారూ. నా బాధ వేరు. మా జిల్లా టీంలో సీజనంతా గోల్స్ కొట్టింది నేను. ఫైనల్‌కి నన్ను బెంచీ మీద కూర్చోబెట్టి, అప్పుడే వచ్చిన ఒక కుర్రాణ్ని దించారు. వాడు ఖాళీ గోల్ ముందు మిస్ చేశాడు, ఓడిపోయాం. మా కోచ్ ఈ రోజుకీ ఎందుకో చెప్పలేదు. బర్లీ కోచ్‌గా ఉన్నంతకాలం దేశానికి ఆడనని బాయిడ్ మర్నాడే ఎందుకన్నాడో నాకు బాగా తెలుసు.

గ్లాస్గో_శీను: అంటే నీ కోచ్ మీద కోపాన్ని ఇవెలుమో నెత్తిన రుద్దుతున్నావా? అన్యాయం చేసినవాడు బయట లైను దగ్గర నిలబడ్డాడు, తిట్లు తినేది మాత్రం దిగి ఆడినవాడా?

వింగర్7: నన్ను అనేముందు నువ్వు మొదటి మాటకే ఎందుకు అంత మండిపడ్డావో చెప్పు అన్నా.

గ్లాస్గో_శీను: చెప్తాను. ఈ దేశం వచ్చాక నాలుగు కంపెనీలు మారాను, అన్నీ కాంట్రాక్టు ఉద్యోగాలే. ఇంటికి ఫోన్ చేసిన ప్రతిసారీ మా బాబాయి "ఇంకా ఎక్కడా కుదురుకోలేదా" అంటాడు. ఎక్కడికెళ్లినా పని బాగానే చేశాను. ఊళ్లు తిరిగాడంటే చేతకాకే అని మనవాళ్లు తేల్చేస్తారు. నువ్వూ అదే అన్నావనిపించింది.

వింగర్7: నా ఉద్దేశం అది కాదన్నా. కానీ ఒకే చోట ఉండి ఎదురుచూసినవాడికి పిలుపు రాకపోతే వాడెక్కడికి పోవాలి? అది కూడా చెప్పు.

పీఈటీ_మాస్టారు: ముప్పై ఏళ్లు సెలక్షన్లు చేశాను. ఆ ప్రశ్న నన్ను అడిగిన పిల్లలున్నారు, జవాబు ఇవ్వలేకపోయాను.

లెఫ్ట్‌బ్యాక్_నల్లగొండ: ఇవెలుమో స్కాట్లాండ్‌కి ఆడింది మొత్తం 4 మ్యాచ్‌లు, సున్నా గోల్స్. కానీ అదే సీజన్‌లో వుల్వ్స్‌కి 14 లీగ్ గోల్స్ కొట్టాడు, జట్టు ఛాంపియన్‌షిప్ గెలిచింది.

వింగర్7: బాయిడ్‌నే దించాల్సింది, ఆ మాట మీదే ఉన్నాను. ఊళ్లు తిరిగిన మాట మాత్రం నా పోస్టులోంచి తీసేస్తున్నా.

గ్లాస్గో_శీను: తీయొద్దు, ఉండనీ. పక్కన ఆ క్లబ్బుల పేర్లన్నీ రాయి.