దీపావళి వేడుకలో మూగజీవాల కోసం విరాళాల సేకరణ: పనుల పంపకం

సమన్వయకర్త:

బ్రిటన్‌లోని మన సంఘం స్వచ్ఛంద సేవకులందరికీ నమస్కారం. ఈసారి దీపావళి విరాళాలను లండన్‌లో దిక్కులేని కుక్కలను 1860 నుంచి, పిల్లులను 1883 నుంచి చేరదీస్తున్న బాటర్‌సీ సంస్థకు కొంత, 1992లో అక్కినేని అమల గారు స్థాపించిన హైదరాబాద్ బ్లూ క్రాస్‌కు కొంత ఇవ్వాలన్న ప్రతిపాదనను ఎక్కువమంది సమర్థించారు. అయితే డబ్బు ఏ దారిలో వెళ్లాలన్నది ముందే తేల్చుకోకపోతే మూగజీవాలకు చేరవలసిన దానిలో కొంత చేరకుండా పోతుందని నా ఆందోళన.

లక్కీ డ్రా టికెట్లు అమ్మి, వచ్చిన మొత్తాన్ని సంఘం పేరిట పంపుదామని కొందరు సూచించారు. టికెట్ కొనుగోలు విరాళం కిందికి రాదు కనుక దానికి గిఫ్ట్ ఎయిడ్, అంటే పన్ను కట్టేవారి విరాళంపై ప్రభుత్వం సంస్థకు అదనంగా ఇచ్చే సొమ్ము, వర్తించదు. అదే ఇక్కడ పన్ను కడుతున్న వ్యక్తి తన పేరు, ఇంటి చిరునామాతో అంగీకార పత్రం నింపి బాటర్‌సీకి నేరుగా విరాళమిస్తే, పౌండుకు 25 పెన్స్ చొప్పున ఆ సంస్థ ప్రభుత్వం నుంచి అదనంగా పొందగలదు. అందువల్ల లక్కీ డ్రా మానేసి, ప్రవేశద్వారం దగ్గరే ఒక బల్ల వేసి, పత్రాలు ఓపికగా నింపించే ఇద్దరిని కూర్చోబెట్టడం మేలు.

హైదరాబాద్‌కు పంపడంలో చిక్కు వేరు. భారతదేశపు విదేశీ విరాళాల చట్టం ప్రకారం మన సంఘం ఇచ్చేదీ, బ్రిటిష్ పౌరసత్వం తీసుకున్నవారు ఇచ్చేదీ విదేశీ విరాళమే. భారత సంతతి విదేశీ పౌరులకు భారత్ ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా అంతే. పుచ్చుకునే సంస్థకు ఆ చట్టం కింద నమోదు ఉండాలి, సొమ్ము ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖలో దానికున్న ప్రత్యేక ఖాతాకే చేరాలి. భారతీయ పాస్‌పోర్టు ఉన్నవారు సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపేది మాత్రం ఈ లెక్కలోకి రాదు. కాబట్టి ఒక్క రూపాయి సేకరించకముందే సంస్థవారికి ఉత్తరం రాసి, నమోదు సంగతి కనుక్కునే బాధ్యతను కోశాధికారి గారు తీసుకోవాలని కోరుతున్నాను.

సాంస్కృతిక విభాగం:

మీరు చెప్పిన పద్ధతి బాగుందండి. కానీ బాణసంచా సంగతేమిటి? దీపావళి రోజు రాత్రి ఒంటిగంట వరకు కాల్చుకోవడానికి ఇక్కడి చట్టం అనుమతిస్తుంది, పిల్లలు ఏడాదంతా దానికోసమే ఎదురుచూస్తారు.

సమన్వయకర్త:

చట్టం ఒప్పుకుంటుందన్నది నిజమేనండి. అయితే జువ్వ పేలగానే సోఫా కిందికి దూరి, ఒళ్లంతా వణుకుతూ, ఎంత బతిమాలినా తిండి ముట్టని కుక్కను మా వీధిలోనే చూశాను. హాలు చుట్టూ ఇళ్లున్నాయి. ఒకవైపు వాటికోసం విరాళాలు అడుగుతూ మరోవైపు వాటినే బెదరగొట్టడం నాకు సమ్మతం కాదు. జువ్వలు, బాంబులు వదిలేసి కాకరపువ్వొత్తులు కాలుద్దాం. ఐదేళ్ల లోపు పిల్లల చేతికి అవి ఇవ్వవద్దు. కాలిన తీగలు వేయడానికి నీళ్ల బకెట్లు పెట్టండి. చుట్టుపక్కల ఇళ్లకు వారం ముందే సమయం తెలియజేసే చీటీలు వేయాలి.

వంటల విభాగం:

పాత దుప్పట్లు, తువాళ్లు కూడా సేకరించవచ్చా? చాలామంది అడుగుతున్నారు.

సమన్వయకర్త:

తప్పకుండా, కానీ బాటర్‌సీ సంస్థకు ఫోన్ చేసి ఏవి కావాలో తెలుసుకున్నాకే ప్రకటిద్దాం. కుక్కలు కొరికి చింపితే లోపలి ఈకలు బయటపడతాయి కనుక ఈకల రజాయిలను సాధారణంగా ఆశ్రయాలు తీసుకోవు. ఉతికిన తువాళ్లు, సీలు తీయని ఆహారపు డబ్బాలు అయితే ఎక్కువగా పనికొస్తాయి. ఎవరైనా తమ కుక్కతో వస్తే, మీ వంటల్లోని ఉల్లిపాయ, ఎండుద్రాక్ష, చాక్లెట్ దానికి విషమని పిల్లలకు ముందే చెప్పండి.

విరాళాల బల్ల దగ్గర ఇద్దరు, చీటీలు పంచడానికి నలుగురు, తువాళ్లు చేరవేయడానికి కారున్న ఒకరు కావాలి. వచ్చే ఆదివారంలోగా మీ పేర్లు ఇక్కడే రాయగలరు.