‘నాస్తికత్వమూ ఒక మతమే’: ఇందులో ‘మతం’ ఏ మతం?

ప్రశ్న: ‘నాస్తికత్వం కూడా ఒక మతమే’ అని తరచూ వింటుంటాం. అర్థం చూస్తే ఈ మాట నిలుస్తుందా?

జవాబు: ‘మతం’ అన్న మాటను ఎలా వాడుతున్నామన్నదాన్ని బట్టి ఉంటుందండీ. సంస్కృతంలో ‘మన్’ ధాతువుకు తలచడం అని అర్థం. దాన్నుంచి వచ్చిన ‘మతం’ అంటే తలచినది, అభిప్రాయం. అభిమతం, సమ్మతం అన్నప్పుడు మనకు ఇప్పటికీ ఆ అర్థమే. ‘వ్యాకరణకర్త పాణిని మతం ప్రకారం ఈ రూపం సాధువు (సరైనది)’ అని పండితులు రాస్తే, పాణిని ఏ దేవుణ్ణి కొలిచాడని ఎవరూ అడగరు.

ఆ పాణినే ‘నాస్తికుడు’ అన్న మాట ఎలా పుట్టిందో చెప్పాడు. ‘అస్తి నాస్తి దిష్టం మతిః’ అని ఆయన వ్యాకరణ గ్రంథం అష్టాధ్యాయిలో సూత్రం (4.4.60). ‘ఉంది’ అనే మతి గలవాడు ఆస్తికుడు, ‘లేదు’ అనే మతి గలవాడు నాస్తికుడు. ఏది లేదు? సూత్రంలో లేదు. ఆ సూత్రాలకు పాత వ్యాఖ్యానమైన కాశికావృత్తి ‘పరలోకం’ అని పూరించింది. మనుస్మృతి ‘నాస్తికో వేదనిందకః’, అంటే వేదాన్ని నిందించేవాడు నాస్తికుడు అంది. రెండు చోట్లా దేవుడి ఊసే లేదు! అందుకే ఈశ్వరుణ్ణి సృష్టికర్తగా ఒప్పుకోకపోయినా వేదాన్ని ప్రమాణంగా నమ్మే మీమాంసకులు ఆస్తికుల్లో చేరారు, వేదాన్ని ప్రమాణంగా ఒప్పుకోని బౌద్ధులు, జైనులు నాస్తికులయ్యారు. మతి, మతం ఒకే ధాతువు బిడ్డలు. కాబట్టి పాత అర్థంలో ఆ వాక్యం అక్షరాలా నిజం.

కానీ ఇవాళ దాన్ని ఎవరూ ఆ అర్థంలో అనరు. ‘మాది నమ్మకం, మీదీ నమ్మకమే, ఇక వాదన ఎందుకు’ అని నోరు మూయించడానికి అంటారు. పాత అర్థంతో ఒప్పించి, కొత్త అర్థంతో కట్టేయడం అన్నమాట. నాకు బాధ కలిగేది ఇక్కడే.

‘నాస్తికులకీ సభలున్నాయి, పెళ్ళితంతులున్నాయి’ అనేవారికి ఒక్క సంగతి చెప్తాను. నాస్తికవాది గోరా 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు, 1947లో అది విజయవాడకు మారింది. వాళ్ళు నిప్పుల మీద నడిచి చూపిస్తారు. జాతరలో గుండం తొక్కడం మనమంతా చూసిందే. దూరం నుంచి చూస్తే రెండూ ఒకటే: అవే కణకణలాడే నిప్పులు, అవే ఉత్త పాదాలు. జాతరలో కాళ్ళు కాలకపోతే అమ్మవారి మహిమ. ఇక్కడ మాత్రం, బొగ్గు నుంచి వేడి నెమ్మదిగా పాకుతుంది, అడుగు నిలపకుండా చకచకా నడిస్తే కాలదు అని కారణం విప్పి చెప్తారు. పని ఒకటే అయినా, చూసినవాడు ఇంటికి పట్టుకెళ్ళేది వేరు.

ప్రశ్న: బౌద్ధులు నాస్తికులే అయితే, బౌద్ధం ఇవాళ మతమే కదా?

జవాబు: మంచి పట్టు పట్టారు. అవును, మనువు అర్థంలో నాస్తికమైనది మతం కావచ్చు, అయింది కూడా. అంటే ఆ వాక్యంలో ‘మతం’ ఒక్కటే కాదు, ‘నాస్తికం’ కూడా అర్థం మార్చుకుంది. దేవుడు లేడనే వాదం గురించే మాట్లాడాలంటే ‘నిరీశ్వరవాదం’ సరైన మాట. వాదం అనగానే ఎదుటివాడు ప్రతివాదం చెయ్యొచ్చు, తేలితే మార్చుకోనూ వచ్చు.

ప్రశ్న: మరి ఫారాల్లో ఏం రాయాలి?

జవాబు: మా అబ్బాయిని బడిలో చేర్చినప్పుడు ‘మతం’ గడిలో గీత పెట్టాను. గుమస్తా పెన్ను ఎత్తి పట్టుకుని, ‘ఏదో ఒకటి ఉండాలండీ, పోనీ నాస్తికం అని రాసుకోనా?’ అన్నాడు. పాపం, సాయం చేద్దామనే. కానీ ఆ గడిలో పడ్డ ఏ మాటైనా మతమైపోతుంది. 2011 జనాభా లెక్కల్లో ‘మతం తెలపనివారు’ దాదాపు 29 లక్షలు. తెలపకపోవడం వేరు, లేకపోవడం వేరు. నేను ఆయన్ని బతిమాలి ‘మతం లేదు’ అని రాయించాను. రెండే మాటలు, గడిలో సరిగ్గా పట్టాయి.