పెరట్లో చింతచెట్టు ఉన్న ఇంట్లో కుక్కను పెంచవచ్చా?

ప్రశ్న:
నమస్కారం. మా పెరట్లో తాతగారు నాటిన చింతచెట్టు ఉంది. మాఘమాసం దాటేసరికి కాయలు పండి రాలడం మొదలవుతుంది. ఏడాది వయసున్న మా లాబ్రడార్ నిన్న సాయంత్రం నాలుగైదు కాయలను గుల్లతో సహా నమిలి తిని, రాత్రి రెండుసార్లు వాంతి చేసుకుంది. ఈ ఉదయం మాత్రం హుషారుగానే ఉంది. మనం రోజూ తినే చింతపండు దానికి చెడు చేస్తుందా? ఇంట్లో కొందరు చెట్టు కొట్టించమంటున్నారు.

సమాధానం:
దయచేసి ముందు దానిని పశువైద్యుల దగ్గరకు తీసుకువెళ్లండి. మిగతాది వచ్చాక చదవవచ్చు. ద్రాక్ష, కిస్‌మిస్ తిన్న కుక్కలకు మూత్రపిండాలు దెబ్బతింటాయని చాలాకాలంగా తెలిసినా కారణం అంతుపట్టలేదు. అది టార్టారిక్ ఆమ్లం కావచ్చునని 2021లో అమెరికా పశువైద్యులు ప్రతిపాదించారు. చింతపండు తిన్న కుక్కల్లోనూ అదే తరహా నష్టం జరిగినట్లు మరుసటి ఏడాది ప్రచురించారు. చింతపండు గుజ్జుకు పులుపునిచ్చేది ముఖ్యంగా ఆ ఆమ్లమే, అదీ ద్రాక్షలో కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా ఉంటుంది.

వాంతులు సాధారణంగా మొదటి రోజే కనిపిస్తాయి. మూత్రపిండాల దెబ్బ మాత్రం ఒకటి నుంచి మూడు రోజులలో బయటపడుతుంది కనుక, మధ్యలో కనిపించే హుషారును నమ్మి ఆగిపోవడమే అన్నిటికన్నా ప్రమాదం. మూత్రపిండాల పనితీరును తెలిపే క్రియాటినిన్ రక్తంలో ఎంత ఉందో ఈరోజు చూపించి, 48 గంటలకు, 72 గంటలకు మళ్లీ చూపించమని అడగండి. సెలైన్ ఎంత త్వరగా మొదలైతే అంత మేలు. మూత్రం తగ్గుతోందేమో గమనిస్తూ ఉండండి. వాంతి చేయించాలని ఉప్పునీళ్లు తాగించవద్దు; ఒంట్లో ఉప్పు పెరగడం కూడా ప్రాణాంతకమే.

ప్రశ్న:
ధన్యవాదాలు. సెలైన్ పెట్టారు, మొదటి పరీక్షలో తేడా లేదు, రెండవది ఎల్లుండి. మా అమ్మగారు దానికి రోజూ కాస్త చారన్నం పెడతారు. అదీ మానాలా? మామిడి, సీతాఫలం చెట్లు కూడా ఉన్నాయి.

సమాధానం:
మానాలి. చారు, పులుసు, పులిహోర, ఏదీ వద్దు. పులుసులో పడే ఉల్లి, వెల్లుల్లి కూడా కుక్క రక్తకణాలను దెబ్బతీస్తాయి. అమ్మగారికి పెట్టాలనే ఉంటే, ఉప్పు వేయని ఉత్త అన్నంలో ఉడికించిన గుడ్డు కలిపి పెట్టమనండి.

మామిడిపండు గుజ్జుతో ఈ భయం లేదు, కానీ టెంక మింగితే పేగుకు అడ్డుపడుతుంది. సీతాఫలం గింజలు నమిలితే విషం, వాటి పొడి కంట్లో పడినా కన్ను తీవ్రంగా దెబ్బతింటుంది.

తాతగారి చెట్టును కొట్టించనక్కరలేదు. పండిన కాయలను ఒక్కసారే దులిపించి, ఆ రోజే ఏరించండి. మొదలు చుట్టూ, కొమ్మల నీడ పడేంత మేర, నడుమెత్తు వల కట్టించండి. చింతపండు కొట్టేచోట గుజ్జు అంటిన గింజలు, ఈనెలు చెల్లాచెదురుగా పడతాయి కనుక, ఊడ్చేవరకు కుక్కను ఇంట్లోనే ఉంచండి.