చిన్న ఊరికి ఈత కొలనా, నాలుగు చిన్న ఆటస్థలాలా?

సాయంకాలం:
మాది కొన్ని వేల మంది ఉండే ఊరు. అందరి వినోదం కోసం కొంత నిధి సమకూరింది. రెండు పనులకు సరిపోదు. కొందరు ఈత కొలను కట్టాలంటున్నారు. మరికొందరు అదే డబ్బుతో నాలుగైదు చోట్ల చిన్న ఆటస్థలాలు, ఒక నడకబాట, చెట్ల కింద బల్లలు కావాలంటున్నారు. ఇంకా ఏదీ ఖాయం కాలేదు. మీరైతే దేనికి ఓటు వేస్తారు?

నీటిచుక్క:
కొలనుకే. ఆటస్థలం లేకపోయినా పిల్లలు వీధిలోనైనా ఆడుకుంటారు, నీళ్లు లేకుండా ఈత రాదు కదా. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో సుమారు 3 లక్షల మంది నీట మునిగి చనిపోయారు. వారిలో దాదాపు పావువంతు అయిదేళ్లలోపు పసివాళ్లు. ఐస్‌లాండ్ 1940లోనే పిల్లలకు ఈత నేర్పడం తప్పనిసరి చేసింది. అక్కడ చిన్న ఊళ్లలోనూ కొలనులున్నాయి, ఊరి జనం కలిసి కబుర్లు చెప్పుకునేదీ అక్కడే. మోకాళ్ల నొప్పులతో నాలుగడుగులు వేయలేని మా అమ్మ నీళ్లలో దిగితే హాయిగా నడుస్తుంది. మీ నడకబాట ఆమెకు ఏ విధంగా పనికొస్తుంది?

పచ్చిక:
నీటిచుక్క గారూ, మీ అమ్మగారి గురించి చెప్పిన మాట కాదనలేను. కానీ ఐస్‌లాండ్ పోలిక అందరికీ వర్తించదు. అక్కడ భూగర్భం నుంచే వేడినీళ్లు వస్తాయి. మిగతా చోట్ల అంత సులువు కాదు. 25 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు, సగటున ఒకటిన్నర మీటరు లోతున్న కొలనుకు 3,75,000 లీటర్ల నీళ్లు పడతాయి. ఆ నీళ్లను వడపోత యంత్రం గుండా తిప్పుతూనే ఉండాలి. క్లోరిన్ సరిపోయిందా, పీహెచ్ (నీళ్లలో ఆమ్ల, క్షార గుణాల కొలత) 7.2 నుంచి 7.8 మధ్య ఉందా అని రోజూ పరీక్షించాలి. జనం నీళ్లలో ఉన్నంతసేపూ గట్టు మీద శిక్షణ పొందిన మనిషి కళ్లార్పకుండా చూస్తుండాలి. నిధి ఒక్కసారే వస్తుంది, ఈ ఖర్చు మాత్రం ఏటా వస్తుంది. మూడో ఏడాది పంపు చెడిపోతే ఎవరు బాగుచేయిస్తారో ఇప్పుడే కాగితం మీద రాసి చూపించండి, నా ఓటు కూడా మీకే. అలా రాసిచ్చేవారు లేకపోతే, పాచిపట్టిన వాననీళ్ల గుంట మిగులుతుంది. పిల్లలకు అంతకన్నా ప్రమాదం ఉండదు.

ఇంకో మాట. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాల శారీరక శ్రమ కావాలని అదే ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రోజూ ఆడాలంటే ఆ చోటు ఇంటికి కూతవేటు దూరంలో ఉండాలి. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆల్డో వాన్ ఐక్ అనే వాస్తుశిల్పి 1947 నుంచి మూడు దశాబ్దాలలో 700కు పైగా ఆటస్థలాలు రూపొందించారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇళ్ల మధ్య ఖాళీగా పడి ఉన్న జాగాలనూ వాడుకున్నారు. ఒక ఇసుక గుంట, ఎక్కి వేలాడేందుకు ఇనుప కమానులు, ఒకదాని మీంచి మరొకదాని మీదికి గెంతడానికి దిమ్మెలు, పెద్దవాళ్లకు బల్లలు. వీటిలో చెడిపోవడానికి ఏముంది?

వెలుగునీడ:
పచ్చిక గారూ, నేనూ మీ వైపే. కానీ ఆటస్థలం పేరుతో నాలుగు వైపులా కంచె, ఒకటే ద్వారం పెడితే ఒప్పుకోను. మా అమ్మాయి పదేళ్ల వయసులో బంతి చంకలో పెట్టుకుని అలాంటి ద్వారం దగ్గరే నిలబడేది. లోపల పెద్ద మగపిల్లలు ఆడుతుంటారు, ద్వారం పక్కనే ఇంకో అయిదారుగురు ఆనుకుని ఉంటారు. వాళ్లను దాటుకుని వెళ్లలేక బంతి గోళ్లతో గీరుకుంటూ కాసేపు చూసి తిరిగొచ్చేది. కొన్నాళ్లకు వెళ్లడమే మానేసింది. ‘ఆడపిల్లలకు ఆసక్తి లేదు’ అన్నారు అందరూ! ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

1990లలో వియన్నాలో పరిశీలిస్తే, తొమ్మిదేళ్లు దాటాక పార్కుల్లో ఆడపిల్లలు బాగా తగ్గిపోతున్నారని, మగపిల్లలు తగ్గడం లేదని తేలింది. అప్పుడు కొన్ని పార్కులను మార్చారు. పెద్ద మైదానాన్ని భాగాలు చేశారు, వాలీబాల్, బ్యాడ్మింటన్ ఆడే చోట్లు కల్పించారు. ఆడపిల్లలు మళ్లీ వచ్చారు. బ్యాడ్మింటన్ కోర్టుకు కావలసింది 13.4 మీటర్ల పొడవు, 6.1 మీటర్ల వెడల్పు. అంత చోటు లేదనే ఊరు ఉంటుందా?

నీటిచుక్క:
పంపు సంగతికి నా దగ్గర జవాబు లేదు, ఒప్పుకుంటున్నాను. ఈత మాత్రం వదలను. దగ్గర్లో కొలను ఉన్న ఊరికి వారానికి రెండుసార్లు పిల్లల్ని, పెద్దవాళ్లను బస్సులో తీసుకెళ్లేందుకు కొంత డబ్బు పక్కన పెట్టండి. అది కూడా కుదరదంటే నా ఓటు కొలనుకే.

సాయంకాలం:
బస్సు ఆలోచన మా సమావేశంలో ఇంతవరకు ఎవరూ ఎత్తలేదు, రేపు నేను ఎత్తుతాను. వెలుగునీడ గారి మాట చదివాక ఇప్పుడున్న మైదానానికి వెళ్లి చూశాను. నలభై మందికి పైగా ఉన్నారు. ఒక్క ఆడపిల్ల కూడా లేదు. కూర్చోవడానికి బల్ల లేక ఇద్దరు ముసలివాళ్లు గోడకు ఆనుకుని నిలబడి ఉన్నారు.